నా దగ్గర ఎవరూ ఒప్పుకోని నేరం

ఆరేళ్ళ ఉద్యోగానికి జ్ఞాపకాలేంటే, నువ్వేమైనా రిటైరయ్యావా అని మా అమ్మ నవ్వింది. నవ్వితే నవ్వనీ. కొత్తగా గ్రామ సచివాలయాల్లో వీఆర్వోలుగా చేరుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేనొక సంగతి చెప్పాలి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగడం లేదు కానీ, ఆ రోజుల్లో నాకు అన్నం కూడా సయించలేదు.

ముందు నా గురించి. మాది రాజమండ్రి. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాని పిల్లని. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు గొంతు పెగలక సగం రోజులు గైర్హాజరు వేయించుకున్నాను. నోటితో అనాల్సినవన్నీ డైరీలో రాసుకుంటాను. పుస్తకాలు చదువుతానని కూడా ఎవరికీ చెప్పను. చెబితే ఏం చదువుతున్నావని అడుగుతారు, దానికి మళ్ళీ జవాబు చెప్పాలి. అసలు ఈ ఉద్యోగానికి నేను పరీక్ష రాసిందే దీనికి ఇంటర్వ్యూ లేదని.

పోస్టింగు కోనసీమలో, ఒక పక్క గోదావరి పాయ, ఇంకో పక్క కాలువ ఉన్న ఊరికి వచ్చింది. వీఆర్వో అంటే ఆ ఊరి రెవెన్యూ అధికారి. భూమి రికార్డులు, సర్టిఫికెట్లు, కార్డుల విచారణలు, ఏదైనా గొడవ జరిగితే సాక్షి సంతకాలు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషులు నా బల్ల ముందు కూర్చుంటారన్నమాట. ఈ సంగతి నాకెవరూ ముందు చెప్పలేదు.

మొదటి వారంలో ఒక పెద్దావిడ ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చింది. ఏం కావాలని అడగాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను ఆవిడ వైపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడా నన్ను చూసింది. రెండు నిమిషాలు గడిచాయి. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "సరేనమ్మా, ఒప్పుకుంటాను. నిమ్మకాయలు నేనే కోశాను. తోడికోడలి చెట్టే. మీకెవరు చెప్పారు?" అంది.

అలా మొదలైంది. ఎదుటి మనిషి ఊరికే చూస్తూ కూర్చుంటే మన గోదావరి జిల్లాల వాళ్ళు తట్టుకోలేరు. ఆ ఖాళీలో ఏదో ఒకటి వెయ్యాల్సిందే, ఇంకేమీ దొరక్కపోతే సొంత రహస్యమైనా సరే. పాలకేంద్రం ఆయన వచ్చి నీళ్ళ సంగతి చెప్పేశాడు. మా పంచాయతీ కార్యదర్శి గారు తనకి కప్పలంటే భయమనీ, అందుకే మురుగు కాలవల తనిఖీ బండి దిగకుండా చేస్తాననీ చెప్పి, ఎవరితోనూ అనకండని దణ్ణం పెట్టారు. చర్చి పక్కింటి టీచరమ్మ గారు, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడల్లా కోడికూరే గుర్తొస్తోందని కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను తలూపేదాన్ని. వాళ్ళు తేలికపడి వెళ్ళిపోయేవారు. వచ్చిన పని చెప్పడం మర్చిపోయి మర్నాడు మళ్ళీ వచ్చేవారు.

పక్క ఊరి వీఆర్వో గారు నాకు పని నేర్పిన పెద్దాయన. ముప్పై ఏళ్ళ సర్వీసు, గంజి పెట్టిన చొక్కా, జేబులో రెండు రంగుల పెన్నులు. నా సంగతి విని ఒకరోజు టీ తాగుతూ అడిగారు.

"అమ్మాయ్, వీళ్ళంతా నీ దగ్గరికొచ్చి చెప్పుకుంటున్నారే, దీన్నేమంటారో తెలుసా?"

"కబుర్లండి."

"కబుర్లు కాదు. ఎక్స్‌ట్రా జ్యుడీషియల్ కన్ఫెషన్."

నాకు ఆ మాట భలే నచ్చింది. అర్థం చెప్పమన్నట్టు చూశాను. ఆయన టీ గ్లాసు బల్ల మధ్యలో పెట్టారు.

"ఇది కోర్టు అనుకో. చేసినవాడు ఇందులో జడ్జిగారి ముందు నిలబడి ఒప్పుకుంటే ఏ గొడవా లేదు. పోలీసుల ముందు ఒప్పుకున్నాడనుకో, అది చెల్లదు. కొట్టి చెప్పించారంటారు. ఈ రెండూ కాకుండా, వాడంతట వాడు ఊళ్ళో ఒక నమ్మకస్తుడి దగ్గరికొచ్చి, నేనే చేశానండీ అని చెప్పుకున్నాడనుకో. అదీ కోర్టు బయటి ఒప్పుకోలు. న్యాయేతర ఒప్పుకోలు అని పుస్తకాల్లో రాస్తారు. బలం తక్కువే, తోడు సాక్ష్యం కావాలి. కానీ చెల్లుతుంది."

"నమ్మకస్తుడంటే ఎవరండి?"

"ఇంకెవరమ్మా? వీఆర్వో." ఆయన కాలర్ సర్దుకున్నారు. "నా సర్వీసులో తొమ్మిది మంది నా దగ్గరికొచ్చి ఒప్పుకున్నారు. తొమ్మిది."

ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "కోర్టు బయట జరగాలి, కానీ కోర్టు లోపలికి వస్తే తప్ప పనికిరాదు. ఇలాంటి మాట ఇంకోటి ఉందా?" కింద ఇంకో వాక్యం: "తొమ్మిది మంది! ఆయన మొహంలో ఏదో ఉంది."

తర్వాత కొన్నాళ్ళకి మా హైస్కూలు గంట పోయింది. మామూలు గంట కాదు, పాతకాలపు కంచుది. ఊళ్ళో ఎవరూ గడియారం చూడరు. మొదటి గంటకి బియ్యం కడుగుతారు, ఇంటర్వెల్ గంటకి గేదెకి గడ్డి వేస్తారు, చివరి గంటకి టీ పెడతారు. సోమవారం పొద్దున్న చూస్తే వేపకొమ్మకి గొలుసు మాత్రం వేలాడుతోంది. ఆ రోజు ఊరంతా ఆలస్యం. పెద్దమనుషులు ఊరి పరువు పోయిందని స్టేషన్‌కి వెళ్ళారు.

అనుమానం ఒక దింపు కార్మికుడి మీదికి వెళ్ళింది. కొబ్బరికాయలు దింపే మనిషి, నలభై దాటి ఉంటాయి. ఊళ్ళో సగం పెరళ్ళలో చెట్లెక్కేది ఆయనే. రోజుకి మూడు మాటలకి మించి మాట్లాడడు. చెట్టు మీద నుంచి "పక్కకండి" అంటాడు, దిగాక "అయిందండి" అంటాడు, అంతే. ఆయన మీద నేరం ఏంటంటే, గంట పోయే ముందు రోజు స్కూలు చెట్లకి దింపు తీశాడు. పోయిన మర్నాడు యానాం వెళ్ళాడు. యానాం వెళ్ళాడంటే మందు కోసమే, మందు కొన్నాడంటే ఏదో అమ్మాడన్నట్టే అని తేల్చేశారు. యానాం వెళ్ళడం నేరమైతే మా రెండు జిల్లాల్లో జైళ్ళు చాలవు. కానీ ఎందుకెళ్ళావంటే ఆయన చెప్పలేదు. తల దించుకున్నాడు.

ఆ గురువారం ఆయన నా ఆఫీసుకొచ్చాడు. ఇంకా అరెస్టు కాలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నా బల్ల ముందు కుర్చీ అంచున కూర్చున్నాడు. అందరిలాగే రెండు నిమిషాల్లో మొదలుపెడతాడనుకున్నాను. పెట్టలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నా జీవితంలో మొదటిసారి నాకంటే సిగ్గరి ఎదురయ్యాడు! ఇద్దరం తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాం. అరగంటయ్యాక లేచి, "వస్తానండి" అని వెళ్ళిపోయాడు. సచివాలయం వరండాలో ఉన్నవాళ్ళంతా చూశారు.

శనివారం పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళారు. సోమవారం స్టేషన్ రైటర్ గారు నా దగ్గరికొచ్చారు. రైటర్ అంటే స్టేషన్లో కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్. మంచి మనిషి, బొద్దు మీసం, ప్లాస్టిక్ కవర్లో రెండు పేజీల కాగితం.

"మేడమ్ గారూ, చిన్న సంతకమండి. గురువారం వాడు మీ దగ్గరికొచ్చాడు కదండీ?"

తలూపాను.

"అరగంట కూర్చున్నాడు కదండీ?"

తలూపాను.

"మరి ఒప్పుకోడానికి కాకపోతే ఎందుకొస్తాడండీ? మీ దగ్గరికి అందరూ అందుకేగా వచ్చేది!"

ఏమీ అనలేదండీ ఆయన, అని నేననాలి. మూడు మాటలు. గొంతులో వరసగా నిలబడ్డాయి, బయటికి రాలేదు. నా మౌనాన్ని రైటర్ గారు అవునని రాసుకున్నారు. అంతటితో ఆగక, ఆయన కూడా గోదావరి జిల్లా మనిషే కాబట్టి, నేను చూస్తూ ఉండేసరికి కరిగిపోయారు.

"నిజం చెప్పాలంటే మేడమ్ గారూ, నాకు చిన్నప్పుడు కథలు రాయాలని ఉండేదండి. కుదరలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ స్టేట్‌మెంట్లే నా రచనలండి. ఎవరూ చదవరు. సంతకాలు పెట్టేసి పోతారు."

అయ్యో అనిపించింది. అందుకని చదివాను.

"అయ్యా! దారిద్ర్య దావానలమున దగ్ధుడనై, మనస్సాక్షి నన్ను అనుక్షణము దహించివేయుచుండగా, తమ పాదముల చెంతకు వచ్చి..." అలా రెండు పేజీలు. ఆ దింపు మనిషి నోటివెంట! నాలో ఉన్న పాఠకురాలు ఊరుకోలేకపోయింది. ఉద్యోగంలో చేరాక పరాయి మనిషితో నేనన్న మొదటి పూర్తి వాక్యం అప్పుడే బయటికొచ్చింది.

"ఈ మాట ఆయన అనరండి."

రైటర్ గారు బిక్కమొహం వేశారు. "మరేమంటాడండి?"

నేను పెన్ను తీసుకున్నాను. చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ఇక్కడ నా చెయ్యి పట్టుకుని ఆపడానికి ఎవరూ లేరు. ఆ దావానలం మొత్తం కొట్టేసి పైన రాశాను: "గంట నేనే తీశానండి. యానాంలో అమ్మేశాను. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదండి."

రైటర్ గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రాణం పోశారండీ మేడమ్ గారూ. ఎదురుగా నిలబడి చెప్పినట్టుంది."

నా రాతని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఎంత గాల్లో తేలిపోయానంటే, కింద సంతకం పెట్టేశాను. మిగతా పేజీలో రెండు కామాలు కూడా సరిచేశాను.

అబద్ధమని తెలియదా అని మీరడగొచ్చు. తెలుసు. తెలిసే, అది అబద్ధంలా కనబడకుండా చేశాను. దావానలం అలాగే వదిలేసి ఉంటే ఏ మేజిస్ట్రేటూ నమ్మేవారు కాదు. నమ్మేలా రాసింది నేను. సాయంత్రం డైరీ తెరిచినప్పుడు గురువారం పేజీ కనబడింది. "ఈరోజు ఒకాయన వచ్చి అరగంట కూర్చున్నారు. ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు. ఎంత హాయిగా ఉందో." ఆ మూడు వాక్యాలు చదివాక నాకు చెమటలు పట్టాయి. కాగితం అప్పటికే స్టేషన్‌కి చేరిపోయింది.

ఆయన కొన్ని వారాలు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చాడు. కానీ దింపు పని అంటే జనం పెరళ్ళలోకి వెళ్ళే పని. దొంగ అన్నాక పెరట్లోకి ఎవరు రానిస్తారు? ఊళ్ళో ఒక్కరూ పిలవలేదు. ఆయన భార్య వరి కోతలకి పోయేది. ఆయన చెట్లెక్కే తాడు భుజాన వేసుకుని కాలువ వంతెన దగ్గర కూర్చునేవాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. నేను రోజూ స్కూటీ మీద ఆ వంతెన దాటాలి. ఆయన నన్ను చూడగానే లేచి, తలగుడ్డ తీసి నమస్కారం పెట్టేవాడు.

రోజుకి రెండు నమస్కారాలు. ఏడాదిన్నర. ఆ కాగితంలో ఏముందో ఆయనకి తెలియదు, చదువు రాదు. కాగితం మీద ఎవరి సంతకం ఉందో ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా నమస్కారం పెట్టేవాడేమో.

సమను వచ్చింది. కోర్టు ఏటి అవతల. మనుషుల్నీ బండ్లనీ దాటించే పంటు మీద ఏరు దాటి, దిగాక బస్సెక్కాలి. నేను తడబడతానేమోనని పెద్దాయన తోడొచ్చారు. పంటు మీద మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

"ఏం లేదమ్మాయ్, నాలుగు ముక్కలు. వచ్చాడు, చెప్పాడు, రాసుకున్నాను, పోలీసులకి అప్పజెప్పాను. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు. మీ దగ్గరికే ఎందుకొచ్చాడని వాళ్ళ వకీలు అడుగుతాడు. నా మీద నమ్మకమండీ అను. దించిన తల ఎత్తకు."

నేను నీళ్ళ వైపు చూస్తున్నాను.

"భయపడకు. నేను తొమ్మిదిసార్లు చెప్పాను. అలవాటైపోతుంది."

నేను ఆయన వైపు చూశాను. నిజంగా ఏ ఉద్దేశమూ లేదు. ఆయన మొహంలో ఏముందో, తొమ్మిది మంది ఏం చూసి వచ్చారో చూద్దామని చూశాను, అంతే. పంటు ఏటి మధ్యకొచ్చింది. పెద్దాయన దగ్గారు. జేబులోంచి పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"అలా చూడకమ్మా."

నేను చూపు తిప్పుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అసలు సంగతి చెప్తాను, ఎవరితోనూ అనకు. ఆ తొమ్మిది మందిలో ఒక్కడూ నా దగ్గరికి రాలేదు." ఆయన పంటు కమ్మీ పట్టుకున్నారు. "ముప్పై ఏళ్ళమ్మా! ఒక్క వెధవైనా వచ్చి, బాబుగారూ నేనే చేశాను అంటాడేమోనని చూశాను. ఏం, నేను నమ్మకస్తుణ్ణి కాదా? నీకేమో నిమ్మకాయల దగ్గర్నుంచీ చెప్పుకుంటారు. నాకు పేకాటలో ఓడిపోయిన సంగతి కూడా ఎవడూ చెప్పడు. అన్నీ స్టేషన్లో రాసి పట్టుకొచ్చినవే." తర్వాత మెల్లగా అన్నారు: "అందులో ఇద్దరు నిజంగా చెయ్యలేదేమోనని, ఒక్కోసారి భోజనం దగ్గర గుర్తొస్తారు."

పంటు ఒడ్డుకి తగిలింది. నేను విన్న అన్ని ఒప్పుకోళ్ళలోకీ చట్టం పుస్తకంలో చెప్పినట్టు జరిగింది అదొక్కటే. తనంతట తాను, ఎవరి బలవంతమూ లేకుండా, నమ్మకమున్న మనిషితో. ఇది రాయడానికి ఆయన అనుమతి ఉంది. రిటైరయ్యాక ఆయనే, "రాసెయ్ అమ్మాయ్, నాకూ తేలిగ్గా ఉంటుంది" అన్నారు. నేను కూడా ముప్పై ఏళ్ళ తర్వాత ఏదో ఒక పంటు మీద ఏ కొత్త పిల్లకో ఇలాగే చెప్పుకుంటానేమో అని తట్టింది. బస్సెక్కాం.

కోర్టు హాలు చిన్నది. మేజిస్ట్రేట్ గారు మా అమ్మ వయసావిడ. ప్రభుత్వం తరఫు వకీలు గారు ఫైలు తిరగేస్తున్నారు. దింపు మనిషికి ఉచిత న్యాయసహాయం కింద ఒక యువ వకీలుని ఇచ్చారు. ఆయన నన్ను ప్రశ్నించడానికి నాలుగు కాగితాల నిండా రాసుకొచ్చారు. బోనులో దింపు మనిషి నన్ను చూడగానే నమస్కారం పెట్టాడు. కోర్టులో కూడా!

ప్రమాణం చేయించారు. ప్రభుత్వ వకీలు గారు మొదలుపెట్టారు.

"ముద్దాయి మీ ఆఫీసుకి వచ్చాడా?"

"వచ్చారండి."

"ఎంతసేపున్నాడు?"

"అరగంటండి."

"ఏం చెప్పాడు?"

"ఏమీ చెప్పలేదండి."

వకీలు గారు ఫైల్లోంచి తలెత్తారు. "అరగంట కూర్చుని ఏమీ చెప్పలేదా? మీరేమన్నారు?"

"నేనూ ఏమీ అనలేదండి."

"మరి ఇద్దరూ ఏం చేశారమ్మా అరగంట?"

"ఫ్యాన్ చూశామండి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వకీలు గారు ఎర్రబడి, ఈ సాక్షి మాకు ఎదురు తిరిగింది, హోస్టైల్‌గా ప్రకటించండని కోరారు. అంటే ఇక ఆయనే నన్ను నిలదీయొచ్చు. ఒకటో తరగతి నుంచి ప్రతి ప్రోగ్రెస్ కార్డులోనూ "అణకువ గల విద్యార్థిని" అని రాయించుకున్న దాన్ని, ఒక్క నిమిషంలో హోస్టైల్ అయిపోయాను. చెప్పకూడదు గానీ, లోపల ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టయింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఈ మొదటి పేజీ పైన దిద్దిన వాక్యాలు? ఇవీ మీ రాతేనా?"

"నా రాతేనండి."

"అతను చెప్పకపోతే మీరెలా రాశారు?"

"ముందున్నది బాగాలేదని మార్చానండి."

"ఏం బాగాలేదని?"

"శైలండి."

మేజిస్ట్రేట్ గారు పెన్ను కింద పెట్టేశారు. ఇక చూసుకోండి, నాకేమైందో తెలియదు. ఇరవై ఏడేళ్ళుగా గొంతులో నిలబడినవన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. రైటర్ గారు కథలు రాయాలనుకున్న సంగతి తప్ప అన్నీ చెప్పేశాను. కాగితం రాసి ఉంచిందే వచ్చిందన్నాను. దావానలం గురించి చెప్పాను, ఆయన రోజుకి మూడు మాటలే అంటాడని చెప్పాను, రెండు పేజీలంటే ఆయనకి ఆరు నెలల మాటలని లెక్క కూడా చెప్పాను.

"నెమ్మదిగా చెప్పండమ్మా, స్టెనో గారు అందుకోలేకపోతున్నారు," అన్నారు మేజిస్ట్రేట్ గారు. నన్ను! నెమ్మదిగా అని!

"అతనేమీ అనలేదనడానికి మీ మాట తప్ప ఇంకేమైనా ఉందా?" అని ఆవిడే అడిగారు.

ఉంది. సంచిలో ఉంది. పొద్దున్న ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. మా అమ్మక్కూడా చూపించని డైరీ తీసి గురువారం పేజీ తెరిచి ఇచ్చాను. ఆవిడ ఆ మూడు వాక్యాలు చదివారు. ఆ పేజీలో ఇంకా చాలా ఉన్నాయి, కప్పల సంగతితో సహా. ఆవిడ పెదవి బిగబట్టుకున్నారు. "ఈ మూడు వాక్యాలూ రికార్డు చెయ్యండి. మిగతావి కేసుకి సంబంధించినవి కావు," అని పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టి స్టెనో గారికి చూపించారు. తర్వాత నా వైపు తిరిగారు.

"సంతకం ఎందుకు పెట్టారు?"

"కాదనడానికి సిగ్గేసిందండి."

"ఇప్పుడిది చెప్పినందుకు మీ మీద చర్య తీసుకోవచ్చు. తెలుసా? భయం లేదా?"

"భయంగానే ఉందండి. కానీ ఆయన రోజూ నాకు నమస్కారం పెడుతున్నారండి."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. యువ వకీలు గారు లేచి, తన నాలుగు కాగితాల వైపు దిగులుగా చూసుకుని, "ప్రశ్నలేమీ లేవండి" అని కూర్చున్నారు.

కోర్టు నుంచి తిరిగొస్తూ పెద్దాయన పంటు దగ్గర వేడి మొక్కజొన్న పొత్తు ఒకటి కొని సగం విరిచి నాకిచ్చారు. తర్వాత ఉన్నట్టుండి "శైలండి!" అని ఒక్క నవ్వు. దగ్గొచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను, పంటు జనమంతా తిరిగి చూసేంత గట్టిగా.

కేసు కొట్టేశారు. నాకు చార్జి మెమో వచ్చింది. నాలుగు పేజీల జవాబు రాశాను, తప్పంతా ఒప్పుకుని. మందలింపుతో వదిలేశారు. రైటర్ గారు తర్వాత సంతలో కనబడితే తప్పుకుపోబోయాను. ఆయనే ఎదురొచ్చారు. ఆయనకీ పైనుంచి గట్టిగానే పడ్డట్టుంది, మొహం పీక్కుపోయింది. అయినా, "మీ జవాబు చదివానండి మేడమ్ గారూ. మూడో పేరా..." అని చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. ఈసారి నేను గాల్లో తేలలేదు. కొంచెం తేలాను.

వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేశారు. నీళ్ళు పోయాక మా కాలువ అడుగున ఏడాది పొడుగునా పోయినవన్నీ బయటపడతాయి. బిందెలు, చెప్పులు, ఒకసారి కుట్టుమిషను. ఈసారి చాలా ఏళ్ళకి పూడిక కూడా తీయిస్తే, వంతెన కింద బురద అడుగున కంచు గంట బోర్లా పడి ఉంది. యానాం వెళ్ళనే లేదు. ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఎవరు పడేశారో తెలియదు. ఎవరూ నా దగ్గర ఒప్పుకోలేదు, ఇంకా. పెద్దమనుషులు మాత్రం ఒకరి తర్వాత ఒకరు ఆ దింపు మనిషి ఇంటికెళ్ళి, మా చెట్లు నిండిపోయాయి, రావయ్యా అని పిలిచారు.

స్కూల్లో గంట మళ్ళీ మోగిన రోజున ఆయన నా ఆఫీసుకొచ్చాడు. రెండు కొబ్బరి బొండాలు బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఫ్యాన్ వైపు చూశాడు. నేనూ చూశాను. కానీ ఈ ఆటకి ఎంత ఖరీదవుతుందో నాకిప్పుడు తెలుసు. గొంతు సవరించుకుని నేనే అడిగాను.

"ఆ గురువారం ఎందుకొచ్చారండి?"

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. తలగుడ్డ మడతలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి రేషన్ కార్డు తీసి, బోర్లించి నా వైపు జరిపాడు.

"ఇందులో... నన్ను ఆడమనిషని రాశారండి."

తిప్పి చూశాను. నిజమే. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు ఎవరో చేసిన పొరపాటు. పేరు ఆయనది, ఫొటోలో మీసం కూడా ఉంది, పక్కన "స్త్రీ" అని ఉంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండి!"

"మీరు ఆడపిల్ల కదండీ. సిగ్గేసింది."

"మరి యానాం?"

"అక్కడ కార్డులు సరిచేస్తారని ఎవరో అంటే వెళ్ళానండి. అది పుదుచ్చేరి అంట. ఇక్కడిది కుదరదన్నారు."

ఇది చెప్పలేక జైలుకెళ్ళాడు ఆ మనిషి. నేను దరఖాస్తు తీసి రాయడం మొదలుపెట్టాను. నవ్వు ఆపుకోడానికి నా ప్రాణం పోతోంది. పైగా ఆరోజు నాకు మాటలు వచ్చేశాయి కదా, ఊరుకోలేక అనేశాను.

"ఈ కార్డు చేతిలో పెట్టుకుని, వాయిదాలకి బస్సులో టికెట్ కొనుక్కుని వెళ్ళారా? ఆడవాళ్ళకి ఉచితం కదండీ! కండక్టరుకి ఇది చూపించాల్సింది."

ఆయన నా వైపు నిజంగా కంగారుగా చూశాడు, నేనింత మాట అంటానని అనుకోనట్టు.

"తప్పు కదండీ," అన్నాడు.